మామూలు స్కూల్లోనే పిల్లలకి ప్రత్యేక సాయం ఇప్పించుకోవడం ఎలా: విజయవాడ, గుంటూరు తల్లిదండ్రుల కోసం

వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే, మాటలే మారతాయి. "బాబుకి మాటలు లేటుగా వచ్చాయండి, మామూలు స్కూల్లో చేర్చుకుంటారా?" "పాప మూడో తరగతి, ఇంకా గుణింతాలు కలిపి చదవలేకపోతోంది, టీసీ తీసుకెళ్లమంటున్నారు, ఏం చేయాలి?" "స్పెషల్ స్కూలంటే మా అత్తగారు ఒప్పుకోరు." ఒక్కొక్కరికీ ఫోన్లో విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా.

ముందే ఒక మాట. చేర్చుకోవడం అంత పెద్ద సమస్యేం కాదు, ఫీజు కడతామంటే చాలా స్కూళ్లు చేర్చుకుంటాయి. చేర్చుకున్నాక బిడ్డని చివరి బెంచీలో కూర్చోబెట్టి ఏప్రిల్ దాకా అలా నడిపించేస్తారు చూడండి, గొడవంతా అక్కడుంది. అందుకే కింద రాసిన దాంట్లో సీటు గురించి తక్కువ, ఆ సీట్లో కూర్చున్న బిడ్డకి ఏం అందుతోంది అన్నదాని గురించి ఎక్కువ.

చట్టం గురించి మీకు ఇంత తెలిస్తే చాలు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 21 రకాల వైకల్యాలున్నాయి. చూపు, వినికిడి, సెరిబ్రల్ పాల్సీతో పాటు ఆటిజం, మేధో వైకల్యం, చదవడం రాయడంలో ఇబ్బంది (డిస్లెక్సియా లాంటివి, వీటినే లెర్నింగ్ డిజెబిలిటీ అంటారు) కూడా ఉన్నాయి. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న స్కూళ్లన్నిటికీ ఇది వర్తిస్తుంది: వివక్ష లేకుండా చేర్చుకోవాలి, బిడ్డకి కావలసిన సర్దుబాట్లు చేయాలి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని స్కూల్లో గానీ, మీరు కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, ఒకచోట నిలకడగా ఉండలేకపోవడం) మాత్రం ఆ 21లో విడిగా లేదు. దానికని సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి అలిసిపోయే వాళ్లని చూస్తుంటాను. దానికి డాక్టరు రిపోర్టు పెట్టుకుని స్కూల్ స్థాయిలో సర్దుబాట్లు అడగడమే దారి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- బిడ్డ ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, రెండు మూడు ఫొటోలు
- చెవి పరీక్ష, కంటి పరీక్ష రిపోర్టులు
- డాక్టరు లేదా సైకాలజిస్టు ఇచ్చిన అసెస్‌మెంట్ రిపోర్టు
- సదరం సర్టిఫికెట్ (మన రాష్ట్రంలో ఇచ్చే వైకల్య సర్టిఫికెట్) లేదా యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఉంటే
- పోయినేడాది నోటు పుస్తకాలు రెండు, పరీక్ష పేపర్లు కొన్ని (పారేయకండి, రిపోర్టు కంటే ఇవే ఎక్కువ చెప్తాయి)
- ఒక ఫైలు. అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచి జిరాక్సులు తిప్పండి

1. ముందు చెవులు, కళ్లు

వినడం లేదా, పట్టించుకోవడం లేదా అన్నది బయటికి ఒకేలా కనిపిస్తుంది. అందుకే మిగతా పరీక్షల కంటే ముందు ఇవి రెండూ అయిపోవాలి. ఆ తర్వాతే అసెస్‌మెంట్. ప్రభుత్వం వైపు నుంచి వెళ్లాలనుకుంటే, పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) ఉంది. స్కూళ్లకీ అంగన్‌వాడీలకీ వచ్చే ఆ టీమ్ అవసరమైతే జిల్లా స్థాయిలోని డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రం) రాసిస్తుంది. విజయవాడ వాళ్లయినా గుంటూరు వాళ్లయినా జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) పిల్లల విభాగం ఓపీలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. పొద్దున్నే వెళ్లండి, బిడ్డకి తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి.

ప్రైవేటులో అయితే, బోర్డు మీద పెద్ద అక్షరాలు చూసి లోపలికి వెళ్లిపోకండి. క్లినికల్ సైకాలజిస్టుకైనా స్పెషల్ ఎడ్యుకేటరుకైనా రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి. అడిగితే మొహం మాడ్చుకునే చోట డబ్బు కట్టకండి.

ఇక్కడ ఎక్కువగా చేసే పొరపాటు: ఆగడం. "వాళ్ల నాన్నకీ మాటలు లేటే" అంటూ రెండేళ్లు గడిపేస్తారు. ఇంకొందరు దీనికి పూర్తి విరుద్ధం, యూకేజీ పిల్లాడికే డిస్లెక్సియా సర్టిఫికెట్ కావాలంటారు. లెర్నింగ్ డిజెబిలిటీకి ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు. అలాగని అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలని కాదు, సాయం మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు.

2. సర్టిఫికెట్

మన రాష్ట్రంలో అందరి నోటా వినేది సదరం. స్లాట్ కోసం మీ సచివాలయంలో అడగండి. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డుకి స్వావలంబన్ పోర్టల్ ఉంది. ఆటిజం అయితే ఐఎస్ఏఏ అనే స్కేలు మీద చూస్తారు. లెర్నింగ్ డిజెబిలిటీ అయితే ఐక్యూ పరీక్ష, ఆ తర్వాత నిమ్హాన్స్ బ్యాటరీ అనే పరీక్షలు ఉంటాయి. ఒకే పూటలో అయిపోతుందని ఆఫీసుకి హాఫ్ డే లీవు పెట్టి వెళ్లకండి. లెర్నింగ్ డిజెబిలిటీ సర్టిఫికెట్ ఒకసారి వచ్చిందంటే అయిపోయినట్టు కాదు, 14 ఏళ్లకీ 18 ఏళ్లకీ మళ్లీ చూపించుకోవాలి. ఆ 14 ఏళ్లు సరిగ్గా తొమ్మిది, పది తరగతుల ముందు వస్తాయి, క్యాలెండర్లో రాసి పెట్టుకోండి.

ఇంకో చిన్న తలనొప్పి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి కదా, అంతకు ముందు తీసుకున్న కాగితాల మీద విజయవాడ వాళ్లకి కృష్ణా జిల్లా అని ఉంటుంది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. నరసరావుపేట, బాపట్ల వైపు వాళ్లకి పాత కాగితాల్లో గుంటూరు అని ఉంటుంది. ఆధార్లో అడ్రసు, సర్టిఫికెట్లో జిల్లా సరిపోతున్నాయో లేదో వెళ్లే ముందే చూసుకోండి.

జాగ్రత్త: "సర్టిఫికెట్ తెండి, అప్పుడు చూద్దాం" అని స్కూల్ అంటే ఆగిపోకండి. పరీక్షల్లో రాయితీలకి, పింఛనుకి అది కావాలి. ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

3. స్కూల్ ఎంచుకోవడం

ప్రభుత్వ స్కూళ్లకి ఒక మేలు ఉంది, మనవాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోరు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండల స్థాయిలో భవిత కేంద్రాలు నడుస్తాయి. అక్కడ ఐఈఆర్‌పీ అనే ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపీ ఉంటుంది, అవసరమైన పిల్లలకి ఉపకరణాలు ఇప్పిస్తారు. స్కూలుకి రాలేని స్థితిలో ఉన్న పిల్లల కోసం ఇంటి దగ్గరే చెప్పే ఏర్పాటు కూడా ఉంది. ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకి వెళ్లి "మా పరిధిలో భవిత కేంద్రం ఎక్కడ, ఐఈఆర్‌పీ ఎవరు" అని అడగండి. స్పెషల్ ఎడ్యుకేటర్ల నియామకం గురించి సుప్రీంకోర్టు 2021లో తేల్చి చెప్పిన లెక్క ప్రైమరీలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. మన దగ్గర ఆ లెక్కకి ఇంకా చాలా దూరం ఉంది, కాబట్టి వారంలో ఏ రోజు ఎవరొస్తారో గట్టిగా అడిగి తెలుసుకోండి.

ప్రైవేటు అయితే, నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మూడో తరగతి నుంచే ర్యాంకుల ప్రకారం సెక్షన్లు విడగొట్టి ఫౌండేషన్ కోర్సులు నడిపే స్కూళ్లు మన రెండు ఊళ్లలోనూ సందుకొకటి ఉన్నాయి. మీ బిడ్డకి అవి వద్దు. ఫెసిలిటీలు తక్కువైనా క్లాసులో ముప్పై మందికి మించని, పదేళ్లుగా అదే టీచర్లున్న చిన్న స్కూల్ మేలు. చూడ్డానికి వెళ్లినప్పుడు ఇవి అడగండి:

- స్పెషల్ ఎడ్యుకేటర్ రోజూ ఉంటారా, వారానికోసారి వస్తారా? ఇవాళ ఉన్నారా, ఒకసారి కలవొచ్చా?
- ఇలాంటి పిల్లలు ఇప్పుడు మీ దగ్గర ఎంతమంది, ఏ తరగతుల్లో ఉన్నారు?
- బాత్రూమ్ ఎక్కడ? (చూసే రండి. మెట్లు, చీకటి, గొళ్లెం అందకపోవడం, అన్నీ అక్కడే బయటపడతాయి)
- పిల్లాడు క్లాసులోంచి లేచి వెళ్లిపోతే ఏం చేస్తారు?

చివరి ప్రశ్నకి ఎలా జవాబిస్తారో బాగా గమనించండి. "మా దగ్గర అలాంటివి జరగవండి" అంటే వాళ్లకి అనుభవం లేదన్నమాట. "ఒకసారి ఇలా అయింది, అప్పుడు ఇలా చేశాం" అని చెప్పగలిగితే ఆ స్కూల్ పనికొస్తుంది.

ఫీజు కష్టమైతే, విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో ఒకటో తరగతికి 25 శాతం ఉచిత సీట్లున్నాయి, దివ్యాంగ పిల్లలు కూడా వాటికి అర్హులే. ఆన్‌లైన్లో అప్లై చేయాలి, తేదీ దాటితే ఏడాది పోయినట్టే.

4. ఒక పేజీలో బిడ్డ పరిచయం

ఇరవై పేజీల రిపోర్టు ఏ క్లాస్ టీచరూ చదవరు, చదవాలనుకోవడం మన అత్యాశ. ఒకే పేజీ, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. వేటికి బాగా స్పందిస్తాడు, వేటికి భయపడతాడు, ఇబ్బంది పడే ముందు ఎలా కనిపిస్తాడు, అప్పుడు ఏం చేస్తే కుదుటపడతాడు. ఉదాహరణకి: "బెల్ మోగితే చెవులు మూసుకుంటాడు, ఆ టైములో తిట్టకండి, నిమిషంలో సర్దుకుంటాడు. రెండు పనులు ఒకేసారి చెప్తే ఏదీ చేయడు, ఒకటి అయ్యాక ఇంకోటి చెప్పండి. నీళ్లు కావాలని అడగడు, ఇంటర్వెల్లో గుర్తు చేయండి." ఇలా. జబ్బు పేరు చివర్లో ఒక్క లైను చాలు. క్లాస్ టీచరుతో పాటు పీఈటీ సారుకీ, ఆయాకీ, వ్యాన్ డ్రైవరుకీ తలా ఒకటి ఇవ్వండి.

5. స్కూల్‌కి ఉత్తరం, ఆ తర్వాత మీటింగ్

నోటితో చెప్పిందేదీ నిలవదు. హెచ్చెమ్ మారతారు, టీచరు మానేస్తారు. కాగితం రాయండి, ఇలా:

"ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారం. మా అబ్బాయి/అమ్మాయి (పేరు) మీ పాఠశాలలో (తరగతి, సెక్షన్) చదువుతున్నాడు/చదువుతోంది. బిడ్డ పరిస్థితి గురించిన వైద్య నివేదిక నకలు జతచేశాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 16 ప్రకారం ఈ కింది సర్దుబాట్లు చేయవలసిందిగా కోరుతున్నాను. (మూడు, నాలుగు రాయండి.) వీటి గురించి క్లాస్ టీచరు గారి సమక్షంలో మాట్లాడటానికి అరగంట సమయం ఇవ్వగలరు. ఈ లేఖ నకలు మీద అందినట్టు సంతకం, తేదీ ఇప్పించగలరు."

ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే ఆ సెక్షన్ ప్రస్తావన తీసేసి, డాక్టరు సూచన ప్రకారం అని రాయండి. సంతకం పెట్టమంటే కొన్నిచోట్ల "మా మీద నమ్మకం లేదా" అంటారు. "నమ్మకం ఉంది మేడమ్, మా ఆయనకి చూపించాలి" అని నవ్వుతూ అడగండి, పని అవుతుంది. అప్పటికీ కుదరకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

మీటింగ్‌కి ఇద్దరూ వెళ్లండి. తల్లి ఒక్కతే వెళ్తే "ఇంట్లో మీరు చెప్పించట్లేదమ్మా" అంటూ తప్పంతా ఆవిడ మీదే వేసి పంపేయడం మామూలే. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున ఈ విషయం ఎత్తకండి, ఆ హడావుడిలో మీ మాట వినేవాళ్లుండరు.

అడిగే సర్దుబాట్లు చిన్నవిగా ఉండాలి, ఖర్చు లేనివైతే ఇంకా మంచిది. ముందు బెంచీ, కిటికీకి దూరంగా. బోర్డు మీద రాసింది పూర్తిగా ఎక్కించుకోలేకపోతే పక్క పిల్లాడి నోట్సు ఫొటో. స్పెల్లింగు తప్పులకి లెక్కల్లో మార్కులు తీయకపోవడం. అందరి ముందు పైకి చదవమని నిలబెట్టకపోవడం. "మిగతా పిల్లలకి అన్యాయం కదా" అని ఎవరో ఒకరు అంటారు. కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లల్ని చూసి అలా ఎవరూ అనరు కదండీ అని అడగండి.

6. వ్యక్తిగత ప్రణాళిక (ఐఈపీ)

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. తూతూమంత్రంగా జరిగేదీ ఇదే. ఐఈపీ అంటే మీ బిడ్డ ఈ మూడు నెలల్లో ఏం నేర్చుకోవాలి, ఎవరు నేర్పాలి, ఎలా చూడాలి అన్నది రాసిన కాగితం. చాలాచోట్ల "తెలుగు మెరుగుపడాలి, శ్రద్ధ పెరగాలి, కలిసిమెలిసి ఉండాలి" అని రాసి ఫైల్లో పెట్టేస్తారు. అలా రాస్తే జరిగిందో లేదో ఎవరికీ తెలియదు, నిజం చెప్పాలంటే అలా రాసేదీ అందుకే.

ఇలా రాయించండి: "దసరా సెలవుల్లోపు, ఒత్తులు లేని మూడక్షరాల పదాలు (పలక, నడక, బడికి లాంటివి) ఇరవై ఇస్తే పదహారు సాయం లేకుండా చదవాలి. నేర్పేది: క్లాస్ టీచరు, వారానికి మూడు రోజులు, పావుగంట చొప్పున. చూసేది: నెలాఖరు శనివారం." ఇందులో ఎంత, ఎప్పటికి, ఎవరు, ఎప్పుడు చూస్తారు, నాలుగూ ఉన్నాయి. ఇలాంటివి మూడు చాలు. పది రాస్తే ఒక్కటీ జరగదు. మూడింట్లో ఒకటి చదువుకి సంబంధం లేనిది పెట్టండి, బాత్రూమ్‌కి వెళ్లాలని చెయ్యెత్తి అడగడం లాంటిది. మార్కులకంటే బిడ్డకి అదే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఇంకో జాగ్రత్త. ప్రత్యేకంగా చెప్తామని బిడ్డని ఏ పీరియడ్లో బయటికి తీసుకెళ్తున్నారో అడగండి. చాలావరకు డ్రాయింగ్, గేమ్స్ పీరియడ్లే ఎగిరిపోతాయి, మీ బిడ్డ మిగతా పిల్లలతో సమానంగా ఉండే టైమే అది. అది వద్దని చెప్పండి.

7. యూడైస్‌లో నమోదు

ఐదు నిమిషాల పని, చాలామంది మర్చిపోతారు. ప్రతి స్కూలూ పిల్లల వివరాలు యూడైస్ ప్లస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో పెడుతుంది. అందులో ప్రత్యేక అవసరాలున్న బిడ్డ అవునా కాదా, ఏ రకం అన్న గడులుంటాయి. అక్కడ "కాదు" అని ఉంటే సమగ్ర శిక్ష లెక్కలో మీ బిడ్డ లేనట్టే. స్కూల్లో కంప్యూటర్ దగ్గర కూర్చుని మీ కళ్లతో చూసుకోండి. రకం తప్పుగా ఎక్కించడం కూడా జరుగుతుంది.

8. షాడో టీచర్ పెట్టమంటే

కొన్ని ప్రైవేటు స్కూళ్లు జీతం మీరే ఇచ్చి, క్లాసులో బిడ్డ పక్కనే ఉండి సాయం చేసే ఒక మనిషిని (షాడో టీచర్) పెట్టుకోమంటాయి. కొందరు పిల్లలకి నిజంగానే అవసరం. కానీ పక్కన కూర్చుని అన్నీ ఆవిడే రాసేస్తే బిడ్డకి ఆవిడ తప్ప క్లాసు కనిపించదు, టీచరు కూడా బిడ్డని పూర్తిగా ఆవిడకి వదిలేస్తారు. మొదట్లోనే షరతు పెట్టండి: ఏ పీరియడ్లలో ఉంటుంది, ఎప్పటినుంచి తగ్గిస్తారు. పక్కనే కాకుండా ఒక బెంచీ వెనక కూర్చోమనండి.

9. పని జరుగుతోందో లేదో చూడటం

నోటు పుస్తకాన్ని నమ్మకండి. ముత్యాల్లాంటి అక్షరాలు, పేజీ నిండా ఎర్ర టిక్కులు. మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి ఇది చదువు నాన్నా అంటే నోరు తెరవడు. బోర్డు మీద ఉన్నదాన్ని బొమ్మ గీసినట్టు గీసేస్తున్నాడన్నమాట. ఇలాంటి పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు, రాత బాగుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అందుకని మీ పరీక్ష మీరే పెట్టుకోండి. ఐఈపీలో రాసిన పదాలే, రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున, అదే టైముకి, అదే చోట. తేదీ వేసి ఎన్ని వచ్చాయో రాయండి. తిట్టడం, సాయం చేయడం రెండూ వద్దు. మూడుసార్లు వరసగా అంకె కదలకపోతే బిడ్డ తప్పు కాదు, నేర్పే పద్ధతి మార్చాలి. ఆ కాగితం పట్టుకుని టీచరు దగ్గరికి వెళ్లండి. "మావాడికి ఏం రావట్లేదండి" అనడం కంటే తేదీలున్న కాగితం చూపిస్తే మాట వేరేగా ఉంటుంది.

మాటలొచ్చిన బిడ్డయితే రోజూ ఒక ప్రశ్న: "ఇవాళ ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నావు?" వారంలో ఒక్క పేరైనా రాకపోతే అది కూడా మీటింగ్‌లో పెట్టాల్సిన విషయమే.

10. పరీక్షలు

కేంద్రం మార్గదర్శకాల ప్రకారం అర్హత ఉన్నవాళ్లకి గంటకి ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకి గంట. రాసిపెట్టే సహాయకుడు (స్క్రైబ్), భాషల్లో మినహాయింపు లాంటివి బోర్డును బట్టి ఉంటాయి. వీటి గురించి తొమ్మిదో తరగతిలోనే అడగండి. పదో తరగతి ఫీజు కట్టేసి, నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లిపోయాక పరుగెత్తితే అందరికీ టెన్షనే. స్క్రైబ్ దొరికితే సరిపోదు, చెప్పి రాయించడం కూడా ఒక విద్య. క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీల నుంచే అలవాటు చేయించండి, లేకపోతే అసలు పరీక్ష రోజు బిడ్డ నోరు మెదపక కూర్చుంటాడు.

11. స్కూల్ వినకపోతే

"టీసీ తీసుకెళ్లండి" అన్నప్పుడు గాభరా పడకండి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బిడ్డని స్కూల్లోంచి తీసేయడానికి వీల్లేదు. స్కూళ్లకి ఈ సంగతి బాగా తెలుసు, అందుకే తీసేశాం అని ఎక్కడా రాయరు. "సొంత కారణాల వల్ల టీసీ కోరుతున్నాము" అని మీ చేతే రాయిస్తారు. ఆ కాగితం రాయకండి. మీరంతట మీరే మారాలనుకుంటే వేరే సంగతి, అప్పుడు కూడా కొత్త సీటు చేతికొచ్చాకే.

వరస ఇది: హెచ్చెమ్‌కి రెండో ఉత్తరం, తర్వాత ఎంఈవో, తర్వాత డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు, సమగ్ర శిక్ష జిల్లా ఆఫీసులో ఐఈ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు చూసే) కోఆర్డినేటర్. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ఆ పైన దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. అర్జీలో కథంతా రాయకండి. స్కూల్‌కి ఏ తేదీన ఏం అడిగాం, ఏం జవాబొచ్చింది, ఇప్పుడు ఏం కావాలి, అంతే, ఒక పేజీ. పైన 5లో చెప్పినట్టు స్కూల్ చేత సంతకం పెట్టించుకున్న ఉత్తరం నకలు, మీ ఆదివారం కాగితాలు దానికి జతచేయండి. రసీదు నంబరు తీసుకోకుండా ఆ హాల్లోంచి బయటికి రావద్దు.